సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో సందర్శకులుగా ఒక రౌండు ఆడాలంటే

ప్రశ్న: పచ్చికబాట

వచ్చే జూన్ నెలలో మా అక్కయ్య, నేను స్కాట్లండ్ వెళ్లాలని నిశ్చయించుకున్నాం. ఫైఫ్ ప్రాంతంలోని సెయింట్ ఆండ్రూస్‌లో సోమవారం మధ్యాహ్నం దిగి శనివారం దాకా ఉండేలా బస చూసుకుంటున్నాం. అక్కడి ప్రఖ్యాత గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్‌లో ఒక్క రౌండు ఆడగలిగితే చాలునన్నది మా కోరిక. అక్కయ్య హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని తెలిపే అంకె, తక్కువైతే మెరుగు) 16, నాది 25. ఇద్దరమూ ఇంతవరకు చెట్ల వరుసల మధ్య, బంతి పడ్డచోటే ఆగిపోయే మెత్తని నేల మీద ఆడినవాళ్లమే తప్ప సముద్రతీరపు ఇసుక నేలలైన లింక్స్ మీద అడుగుపెట్టి ఎరుగం.

చదివినకొద్దీ నాకు సందేహాలు పెరుగుతున్నాయి. టీ టైమ్‌ను (ఆట మొదలుపెట్టే సమయాన్ని) బ్యాలట్ అనే లాటరీ పద్ధతిలో ఇస్తారంటున్నారు కనుక, దాన్ని నమ్ముకుని అంత దూరం వెళ్లడం వివేకమేనా, లేక ముందుగానే ఖాయం చేసే ప్రయాణ సంస్థల ప్యాకేజీ కొనుక్కోవడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అదృష్టం కలిసివచ్చి అవకాశం దొరికితే, మా స్థాయివాళ్లు ఆ కోర్సును ఎలా ఆడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి, బ్యాగు మోస్తూ దారి చూపే క్యాడీని పెట్టుకోవడం తప్పనిసరా అన్నవి మిగిలిన ప్రశ్నలు. అక్కడ ఆడిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలిగితే కృతజ్ఞురాలిని.

సమాధానం: తీరరేఖ

మీ మొదటి ప్రశ్నకే పరిమితమై రాస్తాను, ఎందుకంటే చాలామంది తడబడేది అక్కడే. ప్రపంచంలో ఇంతటి పేరున్న కోర్సులు సాధారణంగా ఏదో ఒక క్లబ్బు ఆస్తిగా ఉంటాయి. సభ్యుడెవరైనా వెంట తీసుకెళ్తేనో, క్లబ్బు దయతలిస్తేనో తప్ప బయటివాళ్లకు ప్రవేశం ఉండదు. ఓల్డ్ కోర్స్ అలాంటిది కాదు. అది ప్రజల భూమి. 1974లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్టు దాన్నీ, దాని చుట్టుపక్కల ఉన్న మరో ఆరు కోర్సులనూ నిర్వహిస్తుంది. మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) వెనకాల గంభీరంగా కనిపించే ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షియంట్) గోల్ఫ్ క్లబ్బు భవనాన్ని చూసి కోర్సు కూడా వాళ్లదేనని చాలామంది అనుకుంటారు కానీ, ఆ క్లబ్బుకు కేటాయించిన ఆట సమయాలు ఉంటాయే తప్ప కోర్సు మీద యాజమాన్యం లేదు.

బ్యాలట్ విషయానికి వస్తే, మీరు ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటలలోపు దరఖాస్తు చేయాలి. కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు కలిసి ఒక జట్టుగా పేర్లు ఇవ్వవచ్చు కాబట్టి మీ ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఎవరెవరికి ఏ సమయం దక్కిందో అదే రోజు సాయంత్రానికి తెలిసిపోతుంది. దరఖాస్తును ఆన్‌లైన్‌లో పంపవచ్చు గనుక మీరు ఊరు చేరేదాకా ఆగవలసిన పని లేదు. మంగళవారం ఆటకు ఆదివారం మధ్యాహ్నంలోపు, అంటే బహుశా ప్రయాణంలో ఉండగానే, పేర్లు పంపాలి. దక్కకపోతే మరుసటి రోజు ఆటకు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలి తప్ప పాతది దానంతటదే కొనసాగదు. ఈ చిన్న సంగతి తెలియక మొదటి రోజు పేరు రాకపోగానే ఆశ వదులుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. మంగళవారం నుంచి శనివారం వరకు వరుసగా ప్రయత్నిస్తే ఒక్కసారైనా పేరు రావడానికి సహేతుకమైన అవకాశం ఉంటుంది. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది గనుక రోజులో ఇచ్చే సమయాలు కూడా ఎక్కువే. అయినా ఇది లాటరీ కాబట్టి ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండో మార్గం కూడా ఉంది. జట్టులో ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు మిగిలిన స్థానాలను ఒంటరి ఆటగాళ్లతో నింపుతారు. ఒకప్పుడు ఈ స్థానాల కోసం ఓల్డ్ పెవిలియన్ ముందు రాత్రంతా దుప్పట్లు కప్పుకుని వరుసలో కూర్చునేవాళ్లు. 2024లో ఆ పద్ధతిని మార్చారు. ఇప్పుడు ఆటకు ముందు రోజు స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకుంటే, సాయంత్రం డ్రా తీసి ఫలితం తెలియజేస్తారు. అయితే ఈ దారిలో మీరిద్దరూ విడివిడిగా, బహుశా వేర్వేరు రోజుల్లో, అపరిచితులతో కలిసి ఆడవలసివస్తుంది. అక్కాచెల్లెళ్లు కలిసి ఆడాలన్నదే ముఖ్యమైతే బ్యాలట్ మీదే దృష్టి పెట్టండి.

ప్యాకేజీల గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. ట్రస్టు అధికారికంగా గుర్తించిన సంస్థలు కొన్ని ఉన్నాయి, వాటిలో మోసమేమీ లేదు. కానీ 2024 వేసవిలో సందర్శకుల రుసుము 320 పౌండ్లు ఉండగా, హోటలు గదులు, ఇతర కోర్సుల ఆట కలిపి అమ్మే ప్యాకేజీలు దానికి ఎన్నో రెట్లు దాటిపోతాయి. ఆరు రోజులు అక్కడే ఉండబోయే మీకు ఆ ఖర్చు అనవసరం. ఏడాది ముందే ట్రస్టుకు నేరుగా దరఖాస్తు చేసుకునే విధానం కూడా ఉంది. సాధారణంగా ఆగస్టు చివరి ప్రాంతంలో మరుసటి సంవత్సరానికి దరఖాస్తులు తీసుకుంటారు. మీ ప్రయాణం దగ్గరపడింది కనుక అది ఈసారికి పనికిరాకపోవచ్చు.

ఒక మాట మరవకండి. ఓల్డ్ కోర్స్ దక్కినా దక్కకపోయినా, న్యూ కోర్స్‌లో ఒక రౌండు ఇప్పుడే ఖాయం చేసుకోండి. పేరుకు కొత్తదే గానీ 1895 నాటిది, పాతకాలపు ప్రసిద్ధ గోల్ఫర్ ఓల్డ్ టామ్ మారిస్ రూపుదిద్దినది, పక్కనే అదే ఇసుక నేల మీద ఉన్నది. లింక్స్ ఆట అంటే ఏమిటో అక్కడ అర్థం చేసుకున్నాక ఓల్డ్ కోర్స్‌లోకి వెళితే తేడా తెలుస్తుంది. 2008లో తెరిచిన కాజిల్ కోర్స్ నుంచి సముద్రం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ అది ఊరి వెలుపల కొండకొమ్మున ఉన్న వేరే తరహా కోర్సు.

సమాధానం: ఎదురుగాలి

దరఖాస్తు సంగతి తీరరేఖ గారు చక్కగా చెప్పారు. నేను ఆట గురించి చెబుతాను.

మొదట మనసు నుంచి తీసేయవలసిన అలవాటు, బంతిని ఎత్తుగా లేపి, జెండా నాటి ఉండే గ్రీన్ మీద మెత్తగా దించాలనుకోవడం. అక్కడ నేల ఇసుక మీద పెరిగిన సన్నని ఫెస్క్యూ గడ్డితో గట్టిగా ఉంటుంది, నీరు నిలవదు, బంతి పడ్డాక చాలా దూరం దొర్లుతుంది. అందుచేత బంతి ఎక్కడ పడుతుందన్నది కాక, పడ్డాక ఎటు పోతుందన్నది ఆలోచించాలి. గ్రీన్‌కు ముప్పై, నలభై గజాల దూరంలో, దారిలో అడ్డు లేకుండా ఉన్నప్పుడు బంతిని నేల మీద దొర్లించే పట్టర్ అనే కర్రతో కొట్టడమే ఉత్తమం. ఎత్తుకు లేపే వెడ్జ్ అనే కర్ర ఆ బిగువైన నేల మీద తగిలి ఎగిరి, బంతిని నడుం మీద కొట్టి గ్రీన్ దాటించే ప్రమాదం ఎక్కువ. ప్రయాణానికి ముందు ఎక్కడైనా గట్టి నేల దొరికితే దూరం నుంచి పట్టర్‌తో బాగా సాధన చేయండి. మీ హ్యాండిక్యాప్‌లో ఉన్నవారికి ఇంతకంటే ఉపయోగపడే సన్నాహం లేదు.

రెండోది దిశ. కోర్సు ఊరి నుంచి బయలుదేరి ఈడెన్ నదీముఖం దాకా వెళ్లి, అక్కడ వంగి తిరిగి ఊరికే వస్తుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గోర్స్ అనే ముళ్లపొదలు, కంచెలు ఎక్కువగా కుడివైపున ఉంటాయి. ఎడమవైపు పక్క హోల్ ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన పచ్చిక) ఉంటుంది కనుక, సందేహం వచ్చినప్పుడల్లా ఎడమకు కొట్టండి. బంతి కుడికి వంగే అలవాటున్న ఆటగాళ్లకు ఈ కోర్సులో కష్టాలు ఎక్కువ. ఎడమ నుంచి వచ్చే షాటుకు గ్రీన్ చేరే కోణం కొన్నిచోట్ల చెడుతుంది, నిజమే. కానీ మీరు ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలవడానికి వెళ్లడం లేదు కదా, పోయిన బంతి కంటే చెడ్డ కోణం నయం.

మూడోది బంకర్లు, అంటే ఇసుక గుంటలు. మొత్తం 112 ఉన్నాయి, వాటిలో చాలా వరకు టీ దగ్గర నిలబడితే కనిపించవు. ఒకప్పుడు ఈ కోర్సును రెండు దిశల్లోనూ ఆడేవారు గనుక, ఎదురు దిశలో వచ్చే ఆటగాళ్లకు అడ్డుగా ఉన్న బంకర్లు ఇప్పుడు మనకు దాగిన గుంటల్లా ఎదురవుతాయి. వాటి గోడలను మట్టిగడ్డల పొరలు పేర్చి నిటారుగా కడతారు. అందులో పడితే జెండా వైపు చూడకండి. పక్కకో వెనక్కో, ఎటు సులువైతే అటు ఒకే దెబ్బలో బయటపడండి. 14వ హోల్‌లోని హెల్ బంకర్‌లో 1995 ఓపెన్‌లో జాక్ నిక్లాస్ అంతటివాడే చిక్కుకుని ఆ హోల్‌ను 10 దెబ్బల్లో ముగించాడు.

గ్రీన్లు మీకు ఆశ్చర్యం కలిగిస్తాయి. ఏడు గ్రీన్లు రెండేసి హోళ్లకు ఉమ్మడివి. ఒక్కో జంట సంఖ్యలను కూడితే 18 వస్తుంది: రెండోది పదహారోదానితో, ఐదోది పదమూడోదానితో, ఇలా. ఒకటి, తొమ్మిది, పదిహేడు, పద్దెనిమిది మాత్రమే విడి గ్రీన్లు. వెళ్లే హోళ్లకు తెల్ల జెండాలు, తిరిగి వచ్చేవాటికి ఎర్ర జెండాలు ఉంటాయి. అయితే 18వ దానికి తెల్లదే, వెనకనున్న ఎర్ర భవనం ముందు అది స్పష్టంగా కనబడడం కోసం. తప్పుడు జెండాకు గురిపెడితే మిగిలేది ముప్పై నలభై గజాల పట్ (పట్టర్ దెబ్బ) కాబట్టి రంగు చూసుకోవడం మానవద్దు. ఏడో హోల్, పదకొండో హోల్ ఆట దారులు ఒకదాన్నొకటి కోస్తాయి. అక్కడ అవతలి జట్టు ఎటువైపు కొడుతోందో గమనించి ఆగడం మర్యాద మాత్రమే కాదు, తలకు క్షేమం కూడా.

కోర్సు మొత్తంలో ఉన్న పార్ 3 హోళ్లు (మూడు దెబ్బల్లో ముగించవలసినవి) రెండే, 8వదీ 11వదీ. పదకొండోది చూడటానికి చిన్నదే. ముందు స్ట్రాత్ బంకర్, ఎడమన హిల్ బంకర్, గ్రీన్ వెనక నదీముఖం, గ్రీన్ వెనక నుంచి ముందుకు గట్టి వాలు. 1921 ఓపెన్‌లో యువకుడైన అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ ఇక్కడి హిల్ బంకర్‌లో ఇరుక్కుని ఆ రౌండును మధ్యలోనే వదిలేశాడు. ఆ తర్వాత ఇదే కోర్సులో 1927 ఓపెన్ గెలిచి, 1958లో ఊరి గౌరవ పౌరసత్వం అందుకున్నాడు. మీరు అక్కడ జెండా ఎక్కడున్నా గ్రీన్ ముందు భాగానికి చేరేలా ఆడి, రెండు పట్లతో సంతోషించండి.

ఇక 17వ హోల్. నా దృష్టిలో ఈ రౌండుకు ప్రాణం అదే. టీ షాటును పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన హోటలు గోడ మీదుగా, ఫెయిర్‌వే కనబడకుండానే కొట్టాలి. గోడ మీద రాసిన హోటలు పేరులోని ఏ అక్షరం మీదుగా కొట్టాలో క్యాడీలు చెబుతారు. అంత ధైర్యం లేకపోతే ఎడమకు కొట్టవచ్చు. రెండో దెబ్బతో గ్రీన్ చేరాలని ప్రయత్నించడం మీ ఇద్దరికీ మంచిది కాదు. ఎడమన లోతైన రోడ్ హోల్ బంకర్, వెనక తారు రోడ్డు, దానికవతల రాతి గోడ. రోడ్డు కూడా ఆటలో భాగమే, అక్కడ బంతి ఆగితే ఉచితంగా జరుపుకునే హక్కు లేదు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీద నుంచి పట్ చేసిన బంతి దొర్లి ఆ బంకర్‌లో పడితే, బయటకు రావడానికి అనేక దెబ్బలు పట్టి చివరకు 9 రాసుకున్నాడు. అంటే పట్టర్ చేతిలో ఉన్నప్పుడు కూడా ఆ బంకర్‌ను మరిచిపోకూడదు. గ్రీన్‌కు ముందు కుడివైపున ఆగేలా రెండో దెబ్బ కొట్టి, అక్కడి నుంచి గ్రీన్ పొడవునా బంతిని దొర్లించండి. ఐదు వస్తే గర్వపడవచ్చు, ఆరు వచ్చినా చిన్నతనం లేదు.

మొదటి, చివరి హోళ్ల ఫెయిర్‌వే ఒకటే, వంద గజాలకు పైగా వెడల్పు. దాన్ని తప్పడం కష్టమని అందరూ అంటారు గానీ, దారిన పోయేవాళ్లంతా ఆగి చూస్తుండగా మొదటి బంతిని కొట్టడం వేరు. బంతిని తక్కువ దూరం పంపే కర్ర తీసి ఎడమకు కొట్టండి, రెండో దెబ్బ మాత్రం గ్రీన్ ముందు పారే స్విల్కన్ వాగును దాటాలి. 18వ హోల్ టీ నుంచి ఆర్ అండ్ ఏ భవనం గడియారానికి గురిపెట్టడం పాత ఆనవాయితీ. గ్రీన్ ముందున్న పల్లాన్ని వ్యాలీ ఆఫ్ సిన్ అంటారు. 1995 ఓపెన్‌లో ఇటలీ ఆటగాడు కాస్టాంటినో రోక్కా ఆ పల్లంలోంచి పట్ వేసి జాన్ డేలీతో సమంగా నిలిచి ప్లేఆఫ్‌కు చేరాడు, కానీ ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు.

క్యాడీ విషయంలో నాకు సందేహం లేదు. కనబడని బంకర్లు, గుర్తుపట్టలేని లైన్లు ఇన్ని ఉన్నచోట క్యాడీ లేకుండా వెళ్లడమంటే చీకట్లో ఆడటమే. బ్యాలట్‌లో పేరు వచ్చిన వెంటనే క్యాడీని కోరండి. రుసుముకు తోడు బహుమానం ఇవ్వడం అక్కడి ఆచారం, కనుక నగదు దగ్గర ఉంచుకోండి.

సమాధానం: ఇసుకగడ్డి

ఎదురుగాలి గారి సలహాలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తాను, కానీ క్యాడీ తప్పనిసరి అన్న మాటతో కాదు. ప్రతి షాటుకూ ముందు ఎవరో ఒకరు గురి చూపిస్తూ, ప్రతి పట్‌నూ చదివిపెడుతూ ఉంటే ఆ నేలను మనం చూసినట్టు కాదు, మనకు చూపించినట్టవుతుంది. ఖర్చు భరించగలిగినా, మీ ఇద్దరికీ కలిపి ఒక్కరు చాలు, అదీ ఆటలో కొత్తగా ఉన్న మీకు. మీ అక్కయ్యగారు దూరాలు చూపే యార్డేజ్ పుస్తకం చూసుకుంటూ ఆడితే మరింత ఆనందిస్తారని నా నమ్మకం.

అంతకంటే ముఖ్యమైన సలహా ఒకటి ఎవరూ చెప్పలేదు. సోమవారం కాదు, ఆదివారమే ఊరు చేరండి. ఆదివారాల్లో ఓల్డ్ కోర్స్‌లో గోల్ఫ్ ఉండదు. పెద్ద పోటీలు జరిగే కొన్ని వారాలు మినహాయిస్తే ఆ రోజు కోర్సు మొత్తం ప్రజల ఉద్యానంగా మారుతుంది. కుక్కలను తీసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని ఊరివాళ్లు ఫెయిర్‌వేల మీద తిరుగుతారు. మీరూ మొదటి టీ నుంచి చివరి గ్రీన్ దాకా నడవవచ్చు. గ్రీన్ల అంచుల్లో నిలబడి వాలులు చూడండి. ముఖ్యంగా 14వ హోల్ ఫెయిర్‌వే మధ్యలో ఆగి, టీ వైపు తిరిగి చూడండి. టీ నుంచి కనిపించని గుంటలన్నీ వెనక్కి తిరిగినప్పుడు వరుసగా కనబడతాయి. క్యాడీ చెప్పే విషయాల్లో సగం మీకు ఆ సాయంత్రం నడకలోనే తెలిసిపోతాయి. స్విల్కన్ వంతెన మీద ఫోటోలు కూడా ఆ రోజే తీసుకోండి. ఆడేటప్పుడు వెనక జట్టును నిలబెట్టి అక్కడ భంగిమలు మార్చడం చూడటానికి బాగుండదు, పైగా నాలుగు గంటల్లోపు రౌండు ముగించాలని అక్కడివాళ్లు పట్టుదలగా ఉంటారు.

ప్యాకేజీల విషయంలో మాత్రం తీరరేఖ గారి కంటే నేను కాస్త మెతక. ఒకటి రెండు రాత్రులు మాత్రమే ఉండగలిగేవారికి, నడవలేని తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారికి అది అర్థమున్న ఖర్చే. మీకు కాదు.

ప్రశ్నకర్త: పచ్చికబాట

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆదివారం ఉదయమే చేరేలా బస మార్చుకుంటున్నాం. న్యూ కోర్స్‌లో బుధవారానికి టీ టైమ్ కోసం ఈ రాత్రే రాస్తాను. ఇంకా రెండు చిన్న సందేహాలు మిగిలాయి: హ్యాండిక్యాప్ నిరూపణ పత్రాన్ని నిజంగా అడుగుతారా, ఎలెక్ట్రిక్ బగ్గీలు దొరుకుతాయా? అక్కయ్యకు మోకాలు కాస్త నొప్పి.

సమాధానం: తీరరేఖ

పత్రం అడుగుతారని అనుకునే వెళ్లండి. బ్యాలట్ దరఖాస్తులో ఇద్దరి హ్యాండిక్యాప్ వివరాలూ ఇవ్వాలి. మీ క్లబ్బు లేదా మీ దేశపు గోల్ఫ్ సంఘం ఇచ్చిన అధికారిక పత్రం ముద్రించుకుని, ఫోనులో కూడా ఉంచుకోండి. గరిష్ఠ పరిమితి ఎంతన్నది దరఖాస్తు ముందు ట్రస్టు వెబ్‌సైట్‌లో చూసుకోండి, అది కాలానుగుణంగా మారుతూ వచ్చింది.

ఓల్డ్ కోర్స్‌లో బగ్గీలు మామూలుగా ఇవ్వరు, ఆరోగ్య కారణాలున్నవారికి మాత్రమే పరిశీలిస్తారు. మీ అక్కయ్యగారి సంగతి ముందే రాసి, డాక్టరు పత్రం జతచేసి అడగండి. నేల చదునుగానే ఉంటుంది, కొండలెక్కే పని లేదు. అయినా ఆదివారం నడకలో మోకాలు ఎంతవరకు సహకరిస్తుందో తేలిపోతుంది. అప్పుడు కూడా కష్టమనిపిస్తే ఆవిడ బ్యాగును క్యాడీకి అప్పగించండి, ఆ మేరకు ఇసుకగడ్డి గారి సిద్ధాంతం సడలించుకోవచ్చు. దగ్గరి రైల్వేస్టేషను లూకర్స్, ఊళ్లో స్టేషను లేదు. అక్కడి నుంచి బస్సులు తరచుగా ఉంటాయి, టాక్సీ అయితే పది పదిహేను నిమిషాలు. సాయంత్రాలు ఖాళీగా ఉంటే మొదటి టీకి దగ్గరలోనే, సముద్రం వైపు, హిమాలయాస్ అనే మిట్టపల్లాల పట్టింగ్ మైదానం ఉంది. 1867లో మొదలైన మహిళల పట్టింగ్ క్లబ్బుది. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడవచ్చు. దూరపు పట్‌ల సాధనకు, మీ అక్కాచెల్లెళ్ల పందేలకు అంతకు మించిన చోటు లేదు.